షిఫ్ట్‌ డిలీట్‌ కొట్టేశా... తాతయ్య పాట ఎలా దొరికిందంటే!

మొన్న సంక్రాంతికి ఊరెళ్లా. నాన్న పాత డెస్క్‌టాప్‌ మరీ స్లో అయిపోయిందని క్లీన్‌ చేయడానికి కూర్చున్నా. ‘న్యూ ఫోల్డర్‌ 3’ అని ఒకటి కనిపించింది. ఏముంటుందిలే అని తెరిచైనా చూడకుండా షిఫ్ట్‌, డిలీట్‌ కలిపి నొక్కేశా. సాయంత్రం నాయనమ్మ వచ్చి ‘‘మీ తాతయ్య పాడిన వీడియో ఓసారి పెట్టరా నాన్నా’’ అంది. అది ఆ ఫోల్డర్‌లోనే ఉండేదట! తాతయ్య పోయి నాలుగేళ్లు. ఇంకో కాపీ ఎవరి దగ్గరా లేదు.

కంగారులో అదే కంప్యూటర్‌లో రికవరీ సాఫ్ట్‌వేర్‌ డౌన్‌లోడ్‌ చేయబోయా. ఫోన్‌లో ఫ్రెండ్‌ అరిచాడు: ‘‘ముందు ప్లగ్‌ పీకెయ్‌రా బాబూ!’’

ఎందుకో తర్వాత అర్థమైంది. హార్డ్‌డిస్క్‌ని లాడ్జి అనుకోండి. డిలీట్‌ చేస్తే రిజిస్టర్‌లో ‘ఈ గది ఖాళీ’ అని రాస్తారంతే, గదిలో సామాను అలాగే ఉంటుంది. విండోస్‌లో ఆ రిజిస్టర్‌ పేరు మాస్టర్‌ ఫైల్‌ టేబుల్‌. కొత్త ఫైల్‌ వచ్చి ఆ గదిలో దిగితేనే పాత సామాను పోయేది. నేను డౌన్‌లోడ్‌ చేయబోయింది ఏ గదిలో దిగేదో ఎవరికి తెలుసు?

డిస్క్‌ ఊడదీసి ఫ్రెండ్‌ లాప్‌టాప్‌కి తగిలించాం. ‘ఫొటోరెక్‌’ అని ఉచిత సాఫ్ట్‌వేర్‌ ఉంది. అది రిజిస్టర్‌ జోలికి పోదు, గదిగదికీ వెళ్లి చూస్తుంది. ఒక్కో రకం ఫైల్‌ మొదట్లో ఒక్కో గుర్తు ఉంటుంది కదా, దాన్ని బట్టి పట్టేస్తుంది. 500 జీబీ డిస్క్‌కి రాత్రంతా పట్టింది. పొద్దున చూస్తే వేల ఫైళ్లు... ఒక్కదానికీ అసలు పేరు లేదు, అన్నీ అంకెలే! రెండు రోజులు ఒక్కోటీ తెరుస్తూ కూర్చున్నా. ఆ ఫోల్డర్‌లోని నాలుగు వీడియోల్లో మూడు దొరికాయి. నాలుగోది ముక్కలుగా సేవ్‌ అయినట్టుంది, ఎంతకీ తెరుచుకోలేదు.

ఇదే ఎస్‌ఎస్‌డీ అయితే నా పని అయిపోయేదే. అందులో ‘ట్రిమ్‌’ అనే ఏర్పాటు గదిని కూడా ఊడ్చిపెట్టేస్తుంది. మీ ఫోన్‌లోనూ దాదాపు అంతే, పైగా డేటా అంతా ఎన్‌క్రిప్ట్‌ అయి ఉంటుంది. అక్కడ మీకు దిక్కు బిన్‌ ఒక్కటే. గూగుల్‌ ఫొటోస్‌లో బ్యాకప్‌ అయినవి అందులో 60 రోజులుంటాయి.

పాత డిస్కులు మాత్రం మొండివి. కల్పనా చావ్లా ప్రయాణించిన కొలంబియా షటిల్‌ 2003లో కూలిపోయాక, శకలాల్లో మాడిపోయిన హార్డ్‌డిస్క్‌ ఒకటి దొరికింది. అందులోంచి 99 శాతం డేటా బయటికి తీశారు నిపుణులు!

ఇదంతా విని నాన్న ఆ డెస్క్‌టాప్‌ అమ్మే ఆలోచన మానుకున్నారు. మంచిదే. అమెరికాలో ఎంఐటీ విద్యార్థులిద్దరు 158 సెకండ్‌హ్యాండ్‌ డిస్కులు కొని చూస్తే, పనిచేసిన 129లో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. అమ్మేముందు విండోస్‌లో క్విక్‌ కాకుండా ఫుల్‌ ఫార్మాట్‌ కొట్టండి, డిస్క్‌ మొత్తం సున్నాలతో నింపేస్తుంది.

దొరికిన మూడింట్లో పాట ఉంది. నాయనమ్మ ఫోన్‌ని చెవి దగ్గర పెట్టుకుని చివరిదాకా వింది. ‘‘రెండో చరణం మింగేశాడు చూడు, ఎప్పుడూ ఇంతే’’ అని మళ్లీ మొదట్నుంచి పెట్టమంది.