డిగ్రీలో పదో వంతు చేసే పని

వరద రోజుల్లో గోదావరి నీళ్లు బిందెలో పట్టి ఉంచితే ఇసుక త్వరగానే అడుగుకు చేరుతుంది. సన్నటి బంకమట్టి మాత్రం ఎంతకీ దిగదు. చిల్లగింజ అరగదీసి కలిపినా, పటిక ముక్క తిప్పినా కాసేపటికి అదీ దిగిపోయి పైన తేట మిగులుతుంది. పటిక చేసిందల్లా మట్టి కణాల మధ్య ఉన్న బలాన్ని మార్చడమే.

మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. ఆ పరిమాణంలోనో, అంతకన్నా చిన్నగానో ఉండి ద్రవంలో తేలాడేవి కొల్లాయిడ్ కణాలు. ద్రవంలోని అణువులు అన్ని వైపుల నుంచీ గుద్దుతుంటాయి కాబట్టి వాటికి నిలకడ ఉండదు. రెండు కణాలు ఎదురుపడినప్పుడు అతుక్కుంటాయా, తప్పుకుంటాయా అన్నది ముఖ్యంగా రెండు బలాలు తేలుస్తాయి. దగ్గరకు లాగేది వాన్ డర్ వాల్స్ ఆకర్షణ, దూరం నెట్టేది ఉపరితలం మీది విద్యుదావేశం. బంకమట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది గనుక అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. పటికలోని ధనావేశ అల్యూమినియం దాన్ని తగ్గించేస్తే ఆకర్షణదే పైచేయి అవుతుంది. ఈ లెక్కను సోవియట్ యూనియన్‌లో డెర్యాగిన్, లండౌ 1941లో, నెదర్లాండ్స్‌లో వెర్వే, ఓవర్‌బీక్ 1948లో తేల్చారు. నలుగురి పేర్ల తొలి అక్షరాలతో అది డీఎల్‌వీఓ సిద్ధాంతమైంది.

కణాలు ఒకే ద్రవంలో ఉన్నంతవరకూ ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. రెండు ద్రవాల మిశ్రమంలో వేస్తే, కొన్ని పరిస్థితుల్లో మూడో బలం ఒకటి పుడుతుంది. దాని పేరు క్రిటికల్ కాసిమిర్ బలం.

హెండ్రిక్ కాసిమిర్ నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో, ఫిలిప్స్ ప్రయోగశాలలో పనిచేసిన భౌతికశాస్త్రవేత్త. అక్కడే కొల్లాయిడ్‌ల మీద పనిచేస్తున్న ఓవర్‌బీక్‌కు, దూరం పెరిగితే ఆకర్షణ సిద్ధాంతం చెప్పినదానికన్నా వేగంగా తగ్గుతోందన్న అనుమానం వచ్చింది. ఆ చిక్కు విప్పబోయిన కాసిమిర్ 1948లో ఇంకా వింతైన ఫలితానికి చేరుకున్నాడు. విద్యుదావేశం లేని రెండు లోహపు పలకలను శూన్యంలో బాగా దగ్గరగా ఉంచితే అవి ఆకర్షించుకుంటాయి. శూన్యంలో కూడా విద్యుదయస్కాంత క్షేత్రం కదలకుండా ఉండదు. పలకల మధ్య ఇరుకులో ఆ కదలికలన్నిటికీ చోటు దొరకదు. లోపలికీ బయటికీ ఉన్న ఆ తేడాయే బలమవుతుంది.

ముప్పై ఏళ్ల తర్వాత, 1978లో, మైకేల్ ఫిషర్, పియెర్ జిల్ ద జెన్ ఇదే తర్కాన్ని ద్రవాలకు అన్వయించారు. హెచ్చుతగ్గులు శూన్యంలోనే ఉండాలని ఏముంది, ద్రవ మిశ్రమంలోనూ ఉంటాయి కదా అన్నది వారి వాదన.

నీరు, లూటిడిన్ అనే నూనెలాంటి రసాయనం కలిపిన మిశ్రమాన్ని తీసుకుందాం. గది వేడిమిలో రెండూ చక్కగా కలిసిపోయి ఉంటాయి. సుమారు 34 డిగ్రీల సెల్సియస్ దాటితే విడిపోతాయి. లూటిడిన్ బరువులో దాదాపు 28 శాతం ఉన్నప్పుడు, ఆ విడిపోయే అంచును సందిగ్ధ (క్రిటికల్) బిందువు, అక్కడి వేడిమిని సందిగ్ధ ఉష్ణోగ్రత అంటారు. దానికి దూరంగా ఉన్నంతసేపూ ఒక అణువు సంగతి పక్కనున్న కొద్ది అణువులకే తెలుస్తుంది. దగ్గరయ్యేకొద్దీ నీరు ఎక్కువైన గుంపులూ, లూటిడిన్ ఎక్కువైన గుంపులూ పుడుతూ చెదురుతూ పెద్దవవుతాయి. సందిగ్ధ ఉష్ణోగ్రతకు 10 డిగ్రీల దూరంలో రెండు నానోమీటర్ల లోపే ఉండే గుంపు, 0.1 డిగ్రీ దూరానికి వచ్చేసరికి సుమారు 30 నానోమీటర్లకు పెరుగుతుంది. కణాల మధ్య సందు ఆ కొలతకు దగ్గరైనప్పుడు గుంపులకు లోపల చోటు చాలదు. బలం పుట్టేది అక్కడే.

దీన్ని నేరుగా కొలిచింది జర్మనీలోని స్టుట్‌గార్ట్ శాస్త్రవేత్తలు. ఫలితం 2008లో ‘నేచర్’లో వచ్చింది. గాజు పలక మీద ఈ మిశ్రమం, అందులో కొన్ని మైక్రాన్ల పాలిస్టైరీన్ గోళం ఒకటి. పలక అడుగు నుంచి లేజర్ కాంతిని ఏటవాలుగా పంపితే అది సంపూర్ణాంతర పరావర్తనం చెంది వెనక్కి మళ్లుతుంది. అయినా కొద్దిపాటి కాంతి గాజును దాటి ద్రవంలోకి తొంగిచూస్తుంది. పైకి వెళ్లేకొద్దీ అది చకచకా సన్నగిల్లుతుంది. కాబట్టి గోళం ఎంత మెరిస్తే గాజుకు అంత దగ్గరగా ఉన్నట్టు. ఎగిరెగిరి పడే గోళం ఏ ఎత్తులో ఎంతసేపు గడిపిందో లెక్కిస్తే దాని మీద పనిచేసే బలం తెలిసిపోతుంది. తేలిన బలం కొన్ని వందల ఫెమ్టోన్యూటన్లు, అంటే ఓ పాతిక, యాభై బ్యాక్టీరియాల బరువంత. సందిగ్ధ ఉష్ణోగ్రతకు చేరువయ్యేకొద్దీ, డిగ్రీలో పదో వంతు మార్పుకే అది ఇట్టే మారిపోయింది.

ఇంకో విశేషం, దిశ కూడా మన చేతిలోనే ఉంది. గోళమూ గాజూ రెండూ నీటినే ఇష్టపడితే, లేదా రెండూ లూటిడిన్‌నే ఇష్టపడితే ఆకర్షణ. చెరొకదాన్ని ఇష్టపడితే వికర్షణ.

ఇది ప్రయోగశాల ముచ్చటగానే మిగిలిపోలేదు. అతి సూక్ష్మ యంత్రాల్లో భాగాలు ఒకదానికొకటి అంటుకుపోవడం పెద్ద బెడద. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బంగారు ఉపరితలానికి అంటుకోబోయే బంగారు రేకులను ఈ వికర్షణతోనే ఎడంగా నిలిపి చూపించారు.

పటికతో కలిసిన మట్టి కణాలను మళ్లీ విడదీయడం తేలిక కాదు. ఇక్కడ అలాంటిదేమీ కలపనక్కర్లేదు; కొద్దిగా వేడిచేస్తే కణాలు దగ్గరవుతాయి, చల్లారిస్తే విడిపోతాయి. ఈ బలానికున్న అసలు విలువ అదే.