4,29,49,67,297 ప్రధాన సంఖ్యయేనా?

1 కంటె పెద్దదైన ఒక సంఖ్యను 1 చేతను, ఆ సంఖ్య చేతను తప్ప మరి దేనిచేతను నిశ్శేషముగా భాగింప వీలులేనిచో దానిని ప్రధాన సంఖ్య యందురు. 7, 13 వంటి చిన్న సంఖ్యల విషయమున ఇది చూచినంతనే తెలియును. కాని 429 కోట్లకు మించిన పై సంఖ్య విషయమున నిర్ణయించుట యెట్లు? ఒకప్పుడు ఈ ప్రశ్న సుమారు 90 సంవత్సరముల పాటు తేలకుండ నిలిచినది.

ఫెర్మా ఊహ

2 యొక్క 1, 2, 4, 8, 16 ఘాతములను కట్టి, ఒక్కొక్క దానికి 1 కలిపినచో వరుసగా 3, 5, 17, 257, 65,537 వచ్చును. ఈ అయిదును ప్రధాన సంఖ్యలే. ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా దీనిని గమనించి, ఇట్లు వచ్చు సంఖ్యలన్నియు ప్రధాన సంఖ్యలే యని 1640లో అభిప్రాయపడెను, కాని నిరూపింపలేకపోయెను. ఈ వరుసలో తరువాతి సంఖ్య 2³² + 1. అదియే మన 4,29,49,67,297.

ఆయిలర్ సమాధానము

1729లో గోల్డ్‌బాక్ వ్రాసిన లేఖ వలన ఆయిలర్ దృష్టి ఈ ప్రశ్నపై పడెను. 1732లో ఆయన ఫెర్మా ఊహ తప్పని చూపెను:

4,29,49,67,297 = 641 × 67,00,417

2, 3, 5, 7 అని ప్రధాన సంఖ్యలను వరుసగా తీసికొని భాగించుచు పోయినచో 641 మనకు 116వ ప్రయత్నమున దొరకును. అంత శ్రమ అక్కరలేదు. మన సంఖ్యను భాగించు ప్రధాన సంఖ్య ఏదైనను, దానిని 64 చేత భాగించినపుడు శేషము 1 కావలెనని ఆయిలరే తరువాత నిరూపించెను. అట్టి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. అనగా అయిదవ ప్రయత్నముననే 641 చేతికి వచ్చును.

భాగహారము లేని నిరూపణ

హైస్కూలు బీజగణితముతోనే ఈ ఫలితమును నల్లబల్లపై నిరూపింపవచ్చును. 641కి రెండు రూపములు గలవు:

641 = 5 × 2⁷ + 1
641 = 5⁴ + 2⁴

రెండవ దానినుండి 2⁴ = 641 − 5⁴. రెండు వైపులను 2²⁸ చేత గుణింపగా,

2³² = 641 × 2²⁸ − (5 × 2⁷)⁴

మొదటి రూపము ప్రకారము 5 × 2⁷ = 640. కావున

2³² + 1 = 641 × 2²⁸ − (640⁴ − 1)

ఇందు 640⁴ − 1 = (640 + 1)(640 − 1)(640² + 1). దీనికి 641 కారణాంకము. మొదటి పదమునకును 641 కారణాంకమే. కనుక వాని భేదమును 641 నిశ్శేషముగా భాగించును.

నేటి స్థితి

3ను సున్నవ సంఖ్యగా లెక్కించినచో, 5వ సంఖ్య మొదలు 32వ సంఖ్య వరకు గల ఫెర్మా సంఖ్యలలో ఒక్కటియు ప్రధాన సంఖ్య కాదని నేడు తెలియును. 20వ, 24వ సంఖ్యలు ప్రధాన సంఖ్యలు కావని రుజువైనను వాని కారణాంకము ఒక్కటైనను ఇంతవరకు దొరకలేదు. 65,537 తరువాత ఈ వరుసలో మరియొక ప్రధాన సంఖ్య కలదో లేదో ఎవరికిని తెలియదు.

అయిదు ఉదాహరణములు సరిపోయినంత మాత్రమున నియమము ఏర్పడదు. దానిని కాదనుటకు మాత్రము ఒక్క ఉదాహరణము చాలును. తరగతిలో ఈ భేదమును బోధించుటకు 641 కంటె మంచి సాధనము అరుదు.