పాత నికాన్ లెన్స్ కొత్త సోనీ కెమెరాకు పనిచేస్తుందా? అడాప్టర్ కొనేముందు ఈ చిన్న లెక్క చూసుకోండి!

నాన్న వాడిన ఫిల్మ్ కెమెరా బీరువాలో ఉంది. దానికి రీల్ వేసి ఫొటోలు తీసే రోజులు పోయాయి. కానీ దాని ముందున్న 50 మి.మీ. మాన్యువల్ లెన్స్ మాత్రం ఇంకా బాగానే ఉంది. మరి దాన్ని ఇప్పుడు కొన్న వేరే కంపెనీ మిర్రర్‌లెస్ కెమెరాకు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. కానీ అన్ని జతలూ కుదరవు. సరిపడని జతకు అడాప్టర్ కొంటే దూరంగా ఉన్నదేదీ ఫోకస్‌లోకి రాదు. డబ్బులు పోయినట్టే. ఏది కుదురుతుందో తేల్చేది బ్రాండ్ పేరు కాదు.. కొన్ని మిల్లీమీటర్ల దూరం!

ఏంటా దూరం?

కెమెరాకు లెన్స్ బిగించే రింగును మౌంట్ అంటారు. మౌంట్ నుంచి లోపలి ఫిల్మ్ లేదా సెన్సర్ వరకు ఉండేదే ఫ్లాంజ్ దూరం. ప్రతి లెన్స్‌నూ ఈ దూరానికి సరిపోయేలా తయారు చేస్తారు. నికాన్ 1959లో తెచ్చిన ఎఫ్ మౌంట్‌కు ఇది 46.5 మి.మీ. ఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్స్‌కు, ఫిల్మ్‌కు మధ్య అద్దం కదలాలి కాబట్టి అంత జాగా కావాల్సి వచ్చింది.

మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆ అద్దమే లేదు. అందుకే దూరం బాగా తగ్గిపోయింది. సోనీ ఇ మౌంట్‌కు 18, ఫుజీ ఎక్స్‌కు 17.7, నికాన్ జెడ్‌కు 16, కెనాన్ ఆర్ఎఫ్‌కు 20 మి.మీ.

ఇక లెక్క సింపుల్. 46.5 నుంచి 18 తీసేస్తే 28.5. అంటే పాత నికాన్ లెన్స్‌ను సోనీకి పెట్టాలంటే మధ్యలో 28.5 మి.మీ. పొడవున్న గొట్టం ఉంటే చాలు. అడాప్టర్ అంటే అదే. లోపల గాజు ఉండదు కాబట్టి లెన్స్ క్వాలిటీ తగ్గదు.

అన్నింటికీ ఎందుకు కుదరదు?

కెనాన్ పాత ఎఫ్‌డీ లెన్స్‌ల దూరం 42 మి.మీ. దాన్ని నికాన్ డీఎస్ఎల్ఆర్‌కు పెట్టాలంటే? అక్కడ 46.5 మి.మీ. దూరం ఉంది. అడాప్టర్ పెట్టకముందే లెన్స్ 4.5 మి.మీ. ఎక్కువ దూరంలో ఉన్నట్టు. దగ్గరి పువ్వు ఫోకస్ అవుతుంది, ఎదురుగా ఉన్న కొండ మాత్రం మసకే. ఈ లోటు పూడ్చేందుకు లోపల గాజు ఉన్న అడాప్టర్లు దొరుకుతాయి. కానీ ఆ అదనపు గాజు వల్ల ఫొటో షార్ప్‌నెస్ తగ్గే అవకాశం ఉంది.

గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే.. లెన్స్ దూరం కెమెరా దూరం కంటే ఎక్కువ ఉండాలి. అదే ఎఫ్‌డీ లెన్స్ సోనీ మిర్రర్‌లెస్‌కైతే హాయిగా సరిపోతుంది.

బిగించాక క్లిక్ అవట్లేదా?

చాలామంది ఇక్కడే కంగారు పడతారు. మాన్యువల్ లెన్స్‌కు కరెంటు కనెక్షన్ ఉండదు. దాంతో అసలు లెన్సే లేదనుకుని కొన్ని కెమెరాలు షట్టర్‌ను ఆపేస్తాయి. సోనీ, ఫుజీ, కెనాన్ మెనూల్లో లెన్స్ లేకుండా ఫొటో తీసే ఆప్షన్ ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే సరి.

ఆటోఫోకస్ రాదు. ఫోకస్, అపర్చర్ రెండూ లెన్స్ రింగులు తిప్పి మనమే పెట్టుకోవాలి. ఫోకస్ అయిన అంచులను రంగులో చూపే ఫోకస్ పీకింగ్, జూమ్ చేసి చూపే మాగ్నిఫై ఇందుకు సాయపడతాయి. అపర్చర్ మోడ్‌లో పెడితే షట్టర్ స్పీడ్‌ను కెమెరానే చూసుకుంటుంది. బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే మెనూలో 50 మి.మీ. అని చెప్పడం మర్చిపోవద్దు.

సెన్సర్ సైజు కూడా చూసుకోవాలి. ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న సోనీ, ఫుజీ కెమెరాల్లో 50 మి.మీ. లెన్స్ సుమారు 75 మి.మీ. లెన్స్‌లా కనిపిస్తుంది. పోర్ట్రెయిట్‌కు బాగుంటుంది, ఇరుకు గదిలో ఇబ్బందే.

ఏ లెన్స్‌లతో జాగ్రత్త?

అపర్చర్ రింగ్ లేని లెన్స్‌లతో! నికాన్ జీ లెన్స్‌లకు ఆ రింగ్ ఉండదు కాబట్టి అపర్చర్ కంట్రోల్ ఉన్న అడాప్టర్ విడిగా కొనాలి. కెనాన్ ఈఎఫ్ లెన్స్‌ల అపర్చర్ కరెంటుతో నడుస్తుంది. మామూలు గొట్టం అడాప్టర్‌తో దాన్ని మార్చలేం.

ఇక విశాఖ, కాకినాడ లాంటి తేమ ఎక్కువున్న ఊళ్లలో ఏళ్లుగా మూసి ఉంచిన లెన్స్ అయితే ముందు ఫంగస్ చూడాలి. వెనక నుంచి టార్చ్ వేస్తే గాజులో సాలెగూడు లాంటి తీగలు కనిపిస్తాయి. అవి ఎక్కువగా ఉంటే అడాప్టర్ కొనేముందే రిపేర్ చేసేవాళ్లకు చూపించడం మంచిది. గాజు శుభ్రంగా ఉండి, రింగులు సాఫీగా తిరుగుతూ, దూరం లెక్క కుదిరితే మాత్రం.. నాన్న లెన్స్ మళ్లీ పనిలోకి దిగినట్టే!