నీళ్ల మీద పోతున్నా ఎండ ఎండే

‘నీళ్ల మీదేగా పోయేది, మనకేం ఎండ!’ డెల్టాలో పడవెక్కే రైతు ఎవరైనా ఒకసారైనా అనుకునే మాటే ఇది. మీరూ అనుకునే ఉంటారు. వడదెబ్బ తగిలేది ఇలాంటి ధీమాతోనే.

1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసినప్పుడు కాలువలు సాగుకే కాదు, పడవలకు కూడా పనికొచ్చేట్టు తవ్వించారు. లాకులు కట్టింది అందుకే. విజ్జేశ్వరం లాకు దాటి, నిడదవోలు మీదుగా ఏలూరు కాలువ పట్టుకుంటే బెజవాడ దాకా నీళ్ల మీదే పోవచ్చు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద తాడు పట్టి లాగే మనుషులు. రాదారి పడవల్లో రాత్రంతా సాగే ప్రయాణాలు మామూలు. సాయంత్రం ఎక్కి, తెల్లారి దిగడం. ఆ కాలం వాళ్లకు థర్మామీటరు లేకపోయినా ఎండను ఎలా తప్పించుకోవాలో తెలుసన్నమాట.

ఇప్పుడు రాదారి పడవలు పోయాయి. దాళ్వా అయిపోగానే, మామూలుగా ఏప్రిల్‌లో, కాలువలు కట్టేస్తారు. మళ్లీ నీళ్లు వదిలేది జూన్‌లోనే. కానీ కాలువ కట్టకముందే ఎండలు ముదురుతున్నాయి. కాలువ కట్టాక కూడా లంక రైతుకు పడవ తప్పదు. వశిష్ఠ, వైనతేయ, గౌతమి పాయలు దాటి అరటి గెలలు, కూరగాయలు ఒడ్డుకు చేర్చాలి కదా!

తీరప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పైన ఉంటే వాతావరణ శాఖ దాన్ని వడగాడ్పు కింద లెక్కేస్తుంది. మైదానంలో అయితే 40 డిగ్రీలు ఉండాలి. ఈ తేడా ఎందుకంటారా? ఒంటిని చల్లబరిచేది చెమట కాదు, చెమట ఆరడం. తీరంలో గాలి నిండా తేమే, చెమట ఆరదు. గట్లు ఎత్తుగా ఉన్నచోట కాలువలో గాలి కూడా ఆడదు. దానికి తోడు నీటి మీద పడ్డ ఎండ తిరిగి ముఖానికే కొడుతుంది. గొడుగు వేసుకున్నా కళ్లు మండేది అందుకే.

కాబట్టి సరుకు వేసుకునే పడవైతే తెల్లవారుజామునే కదిలించండి. పదకొండు నుంచి నాలుగు వరకు రేవులో చెట్టు నీడన కట్టేయడం మేలు. పడవకు తాటాకు గూడు వేస్తే నీడకు నీడ, చల్లదనానికి చల్లదనం. రేకు వేస్తే పొయ్యి మీద కూర్చున్నట్టే. ఇంజను పడవలో ఇంజను పక్కన కూర్చోకండి. గెలల మీద పచ్చి ఆకులు కప్పి నీళ్లు చల్లండి. గేదెను దాటించాల్సి వస్తే ఇంకా జాగ్రత్త. నల్లటి తోలు, పైగా చెమట తక్కువ పట్టే జీవి. నెత్తి మీద తడిగోనె వేసి, ఒళ్లంతా తడుపుతూ ఉండండి.

తాగే నీళ్లు ఇంటినుంచే తెచ్చుకోండి. చుట్టూ ఉన్న నీళ్లు ఒంటి మీద పోసుకోవడానికే, తాగడానికి కాదు. దాహం వేయకముందే ఉప్పు వేసిన పలచటి మజ్జిగో, ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్లో కొంచెం కొంచెంగా పట్టించాలి. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టర్ని అడగాలి. ఒక చుక్క కల్లు పడితే ఎండ తెలియదంటారు కొందరు. తెలియకపోవడమే కదా ప్రమాదం! ఉక్కపోస్తోందని లైఫ్ జాకెట్ మాత్రం విప్పొద్దు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరి ఏం చేసిందో మరిచిపోలేం.

పడవలో ఎవరైనా తడబడుతూ మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా, తూలిపోయినా అలసటలే అనుకోకండి. వెంటనే నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, తల, మెడ, చంకలు, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. పడవను దగ్గర్లోని రేవుకు తిప్పండి. రేవు చేరేదాకా ఆగకుండా నడి పాయలో ఉండగానే 108కి ఫోన్ చేసి, ఏ రేవుకు వస్తున్నారో చెప్పండి.