దారి కాని దారిలో మోటారు సైకిలు: వెంట నుండవలసిన పనిముట్లు

తారు రోడ్డు మీద మోటారు సైకిలు చెడిపోయినచో కొంత కాలహరణము తప్ప పెద్ద నష్టము లేదు. కొద్ది దూరములోనే పంక్చరు దుకాణమో, మెకానిక్కు షెడ్డో కనబడును. అవి లేనిచో దారిన పోవు లారీ యైనను ఆగును. అదే వాహనము గుట్టల నడుమ బండిబాటలోనో, ఇసుక వాగులోనో, లడఖ్ కొండల రాళ్ళ దారిలోనో నిలిచిపోయిన యెడల పరిస్థితి వేరు. అక్కడ దుకాణము లేదు, ఫోను పలుకదు, త్రాగునీరు సీసాలో నున్నంతయే. ఒక్క నట్టుకు సరిపడు పానా లేకపోవుట వలన నూటయేబది కిలోల యంత్రమును విడిచి, చీకటి పడుచుండగా కాలినడకను బయలుదేరవలసి వచ్చును. తోటివాడు గాయపడి యున్నప్పుడు ఇట్టి ఆలస్యము ప్రాణము మీదికి తెచ్చుట కూడ కలదు. కావున ఇట్టి ప్రయాణములకు ఏ పనిముట్లు వెంట తీసికొనిపోవలెను, ఏవి ఇంట విడువవలెను అను విషయమును విద్యార్థి మిత్రులకు వివరింపదలచితిమి.

పందెములు నేర్పిన పాఠము

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1913లో ఇంగ్లండులోని కార్లైల్ పట్టణమున అంతర్జాతీయ ఆరు దినముల పరీక్ష యను మోటారు సైకిలు పోటీ మొదలైనది. 1981 నుండి దానిని అంతర్జాతీయ ఆరు దినముల ఎండ్యూరో అని పిలుచుచున్నారు. దారిలో వాహనము చెడినచో నడపువాడే స్వయముగా బాగుచేసికొనవలెననుట ఆ పోటీ యొక్క ముఖ్య నియమము. టైరు మార్చుట కూడ అతని పనియే. ఇంజను పెట్టె, చట్రము వంటి ప్రధాన భాగములకు ముందుగనే గుర్తులు వేయుదురు గనుక వాటిని మార్చుటకు వీలు లేదు.

1978 డిసెంబరు చివర పారిస్‌లో మొదలై 1979 జనవరిలో ముగిసిన తొలి పారిస్–డకార్ ర్యాలీ ఇట్టి సాహసమునకు ప్రపంచఖ్యాతి తెచ్చినది. నేటికిని డకార్‌లో సహాయకులు లేకుండ ఒంటరిగా పోటీ చేయువారికి ప్రత్యేక తరగతి కలదు. వారి సామగ్రి యంతయు ముఖ్యముగా ఒక పెట్టెలో ఇమడవలెను. పగలంతయు ఎడారిలో వాహనము నడిపి, రాత్రి విడిదిలో తమ చేతులతోనే నూనె మార్చుకొని, టైరు వేసికొని, మిగిలిన కొద్ది గంటలు నిద్రింతురు. 2015లో డకార్‌ను పూర్తిచేసిన మొదటి భారతీయుడుగా సి. ఎస్. సంతోష్ పేరు పొందిన పిదప మన దేశ యువకులలో ఈ క్రీడపై ఆసక్తి హెచ్చినది.

ఈ పోటీలు మనకు నేర్పు పాఠము ఒకటి కలదు. వెంట నున్న ప్రతి పనిముట్టు ఒక నిర్ణీతమైన పనికి జవాబు చెప్పవలెను. ఏ పనికని అడిగినప్పుడు జవాబు లేని పనిముట్టు వట్టి బరువు.

ముందుగా యంత్రమును అడుగుడు

చాలమంది యువకులు దుకాణమునకు పోయి, నలుబది ముక్కల పెట్టె నొకటి కొని, సిద్ధమైనామని తృప్తిపడుదురు. అందు సగము ముక్కలకు వారి వాహనములో పనియే యుండదు. సరియైన పద్ధతి ఏమనగా, ఒక సెలవు దినమున వాహనము ప్రక్కన కాగితము, కలము పట్టుకొని కూర్చుండవలెను. ముందు చక్రము మొదలు వెనుక దీపము వరకు, దారిలో విప్పవలసి రాగల ప్రతి నట్టును, బోల్టును చూచి కొలత వ్రాసికొనవలెను. మన దేశమున తయారగు వాహనములలో 8, 10, 12, 14, 17 మిల్లీమీటర్ల తలలే ఎక్కువగా కనబడును. ఇరుసు నట్లు వీటికంటె పెద్దవి కావచ్చును. ముందు ఇరుసు కొలత వేరు, వెనుక ఇరుసు కొలత వేరు కావచ్చును. అలెన్ కీలలో 4, 5, 6 కొలతలు తరచుగా అవసరపడును. ఈ జాబితా పూర్తియైన పిమ్మట దాని ప్రకారము మాత్రమే పనిముట్లను సమకూర్చుకొనవలెను.

ఇక్కడ మన రెండు భాషల విద్యార్థులకును ఆనందము కలిగించు విషయ మొకటి కలదు. మన షెడ్లలో స్పానరును పానా అందురు. స్క్రూడ్రైవరును పేచ్‌కస్ అందురు. రెండును ఉర్దూ ద్వారా వచ్చిన మాటలే. తెలుగు ఇంట పుట్టిన కుర్రవాడును, ఉర్దూ ఇంట పుట్టిన కుర్రవాడును షెడ్డులో చేరిన మొదటి దినమున నేర్చుకొను మాటలు ఇవియే.

పేచ్‌కస్ విషయమున ఒక హెచ్చరిక. జపాను పద్ధతిలో చేసిన ప్లస్సు గాడి స్క్రూలకును, ఫిలిప్స్ గాడి స్క్రూలకును పైకి భేదము కనబడదు గాని, లోపలి గాడి ఆకారము వేరు. ఒకదాని పేచ్‌కస్‌తో మరియొకదానిని బలముగా త్రిప్పినచో మొన జారి, గాడి అరిగి, స్క్రూ ఇక ఊడిరాదు. ఇంట ఒకసారి పరీక్షించి చూచుకొనుట మంచిది.

పానా పొడవు కూడ ముఖ్యమే. వెనుక ఇరుసు నట్టుకు 90 న్యూటన్ మీటర్ల బిగువు ఉన్నదనుకొందము. 15 సెంటీమీటర్ల పానాతో దానిని విప్పుటకు 600 న్యూటన్ల బలము, అనగా సుమారు 61 కిలోల బరువు మోపవలెను. పానా పొడవు 30 సెంటీమీటర్లైనచో అందు సగమే చాలును. కనుకనే వాహనముతో వచ్చు పొట్టి పానాతో ఇరుసు కదలదు. అదియుగాక, నోరు తెరచి యుండు పానా బిగువైన నట్టు అంచులను అరుగదీయును. రింగు పానా అన్ని వైపులను పట్టుకొనును. ఇరుసుకు రింగు పానాయే తీసికొనవలెను.

చక్రము: మొదటి ప్రమాదస్థానము

దారి కాని దారిలో అన్నిటికంటె తరచుగా వచ్చు ఆపద పంక్చరు. మన ప్రాంతపు మెట్టభూములలో సర్కారు తుమ్మ ముండ్లు టైరును అవలీలగా చీల్చుకొని పోవును. రాళ్ళలో పోవునప్పుడు టైరులో గాలి మరీ తక్కువగా నున్నచో, ట్యూబు రాతికిని చక్రపు అంచుకును నడుమ నలిగి, పాముకాటు వలె ప్రక్కప్రక్కన రెండు రంధ్రములు పడును. ఊచల చక్రములు గల వాహనములలో ఎక్కువ వాటికి ట్యూబు ఉండును గనుక, చక్రము విప్పకుండ బాగుచేయుట సాధ్యము కాదు.

ఇందుకు కావలసినవి ఇవి: ఇరుసు పానా, రెండు లేక మూడు టైరు లివర్లు, వాల్వు విప్పు చిన్న సాధనము, ప్యాచీలు, సొల్యూషను, గరుకు కాగితము, చేతి పంపు, ఒక అదనపు ట్యూబు. గాలిని నింపుటకు చిన్న వాయుగుండ్లు దొరకుచున్నవి గాని, ఒక్కొక్కటి ఒక్కసారితో అయిపోవును. పంపు ఎన్నడును అయిపోదు. ముందు చక్రము 21 అంగుళములు, వెనుకది 18 అంగుళములు గల వాహనములకు 21 అంగుళముల ట్యూబు నొకదానిని తీసికొనిపోయినచో, అవసర సమయమున వెనుక చక్రములో కూడ సర్ది ఊరు చేరవచ్చును.

పనిముట్లకంటె పద్ధతి ముఖ్యము. చక్రపు పట్టా నడుమ లోతుగా నుండును. టైరు అంచును ఒక వైపున మోకాలితో ఆ లోతులోనికి నొక్కి యుంచినప్పుడే రెండవ వైపున లివరుతో సులువుగా పైకి లేచును. ఈ కిటుకు తెలియనివాడు ఎంత బలము చూపినను లివరు వంగును గాని టైరు రాదు. ప్యాచీ వేయుటకు ముందు టైరు లోపల వ్రేళ్ళతో జాగ్రత్తగా తడిమి, ముల్లు మిగిలియున్నదేమో చూడవలెను; లేనిచో క్రొత్త ట్యూబు కూడ అరగంటలో పోవును. సొల్యూషను పూసిన వెంటనే ప్యాచీ అంటింపరాదు. వ్రేలికి తడి తగులనంతవరకు ఆరనిచ్చి, పిమ్మట గట్టిగా నొక్కవలెను. ట్యూబు లేని టైరైనచో పని మరింత సులభము: రంధ్రమును గరుకు చేయు సూది, పూడ్చు రబ్బరు పట్టీలు, పంపు చాలును.

చైను, తీగలు, లివర్లు

చైను తెగినచో వాహనము అంగుళమైనను కదలదు. ఒక చైను లాకు జేబులో పట్టునంత చిన్నది. కాని చైను కొలతకు సరిపోవలెను. 428 చైనులో మొదటి అంకె లింకుల నడిమి దూరమును అంగుళములో ఎనిమిదవ వంతులుగా తెలుపును: అనగా నాలుగు వంతులు, 12.7 మిల్లీమీటర్లు. 520 చైనులో అది ఐదు వంతులు. ఒకదాని లాకు మరొకదానికి పనికిరాదు. లాకుపై క్లిప్పును అమర్చునప్పుడు దాని మూసిన కొన చైను పోవు దిశకు ఎదురుగా, అనగా ముందువైపునకు ఉండవలెను. లేనిచో రాయి తగిలి ఊడిపోవును. చెడిన లింకును తొలగించుటకు చిన్న చైను కట్టరు కూడ అవసరము.

వాహనము ప్రక్కకు పడుట ఇట్టి దారులలో సామాన్యము. పడినప్పుడు విరుగునవి క్లచ్చి, బ్రేకు లివర్లు. అదనపు లివరు జత బరువు స్వల్పము. లివరు బిగింపును, హ్యాండిలు మీద బలముగా తోసినచో తిరుగునంత మాత్రమే ఉంచినచో, పడినప్పుడు లివరు విరుగుటకు బదులు తిరిగిపోవును. క్లచ్చి వైరు ఉన్న వాహనములకు, పాత వైరు ప్రక్కనే క్రొత్త వైరును ముందుగనే అమర్చి కట్టియుంచుట వివేకము. తెగిన దినమున రెండు కొనలు మార్చిన చాలును.

వాగు దాటునప్పుడు ఇంజను నీరు మ్రింగినచో స్టార్టరు నొక్కరాదు. నీరు గాలివలె అణగదు. పిస్టను కడ్డీ వంగిపోవును. ప్లగ్గును ఊడదీసి, ఇంజనును త్రిప్పి, నీరంతయు బయటికి పోనిచ్చిన పిమ్మటనే తిరిగి బిగించవలెను. కావున మన ప్లగ్గుకు సరిపోవు ప్లగ్గు పానా తప్పనిసరి. ఇది వాహనమును బట్టి 16, 18 లేక 21 మిల్లీమీటర్లు కావచ్చును.

2020 ఏప్రిల్ నుండి మన దేశమున బి.ఎస్.–6 నియమములు అమలులోనికి వచ్చిన పిదప క్రొత్త వాహనములలో చాలవరకు కార్బురేటరు పోయి, పెట్రోలును విద్యుత్తు పంపు అందించు పద్ధతి వచ్చినది. బ్యాటరీ పూర్తిగా చచ్చినచో ఇట్టి వాహనము తోసినను కదలకపోవచ్చును. కనుక కార్బురేటరు విప్పు సాధనములకు బదులు, బ్యాటరీ కొనలు బిగించు పానాయు, రెండు మూడు ఫ్యూజులును, కొంత విద్యుత్తు తీగయు ఉండవలెను.

ఇక చిల్లర సామాను: కటింగ్ ప్లేయరు, బైండింగు తీగ, ప్లాస్టిక్ ట్యాగులు, బట్ట టేపు, ఒకటి రెండు అదనపు నట్లు, బోల్టులు. రాయి తగిలి ఇంజను పెట్టె పగిలి నూనె కారునప్పుడు, చోటును శుభ్రముగా తుడిచి, ఎం-సీల్ వంటి రెండు ముద్దల లప్పమును కలిపి పూసి, గట్టిపడనిచ్చినచో ఊరు చేరవచ్చును.

విడువవలసినవి

ఇంజను లోపలి భాగములను విప్పు సాధనములు, పెద్ద సుత్తి, బిగువు కొలుచు పానా, ఒకే కొలతకు రెండేసి పానాలు: ఇవన్నియు ఇంట నుండవలసినవి. అడవిలో పిస్టను విప్పగలవాడు లేడు. విప్పినను బిగించుటకు భాగములుండవు. అట్టి స్థితిలో కావలసినది ఈడ్చుటకు బలమైన పట్టీ. మొత్తము మూట నాలుగు కిలోలకు మించరాదని మా అభిప్రాయము. ముగ్గురు నలుగురు కలిసి పోవునప్పుడు పంపు, లివర్లు, చైను కట్టరు వంటివి పంచుకొనవచ్చును. అయినను తన ఇరుసు పానా, తన ట్యూబు ప్రతివానికిని స్వంతముగా నుండవలెను.

ఇనుప సామానును వీపు సంచిలో మోయరాదు. వెల్లకిల పడినప్పుడు పానా వెన్నెముకకు తగులును. మందపాటి గుడ్డలో వరుసగా చుట్టి, వాహనమునకు క్రిందుగా, నడుమకు దగ్గరగా కట్టవలెను. ట్యూబును పానాలతో కలుపరాదు. అదురునకు ఒరసికొని, వాడకముందే చిల్లుపడును. వీపు సంచి నీటికిని, గాయమునకు కట్టు కట్టు సామగ్రికిని విడువవలెను.

చేతికి తెలిసినదే పనిముట్టు

పనిముట్లను సమకూర్చిన పిదప అసలు పరీక్ష మిగిలి యున్నది. ఒక దినమున ఇంటి ముంగిట, ఆ మూటలో నున్నవి తప్ప మరొక పనిముట్టు ముట్టకుండ, వెనుక చక్రము విప్పి, ట్యూబు తీసి, ప్యాచీ వేసి, గాలి నింపి, చైను బిగువు సరిచూచి, తిరిగి అమర్చవలెను. ఏ పానా తక్కువైనదో, ఏది వృథాయో ఆ గంటలో తేటతెల్లమగును. అక్కడ చేయలేని పని గుట్టల నడుమ చేయగలమనుకొనుట భ్రమ.

కళాశాల కమిటీ పెద్దలకు కూడ మా విన్నపమొకటి. విద్యార్థులు సెలవులలో ఇట్టి ప్రయాణములు చేయుట ఆపుట కష్టము. ఏడాదికి ఒక పూట, ఊరిలోని అనుభవజ్ఞుడైన మెకానిక్కును పిలిపించి చక్రము విప్పుట, ప్యాచీ వేయుట, చైను లాకు మార్చుట నేర్పించినచో ఖర్చు స్వల్పము, లాభము అధికము. చదువుకొన్నవాడు పానా పట్టుట నామోషీ అను భావము కూడ దానితో కొంత తొలగును.

మిత్రులారా, రక్షిత అరణ్యములలోనికి అటవీశాఖ అనుమతి లేకుండ పోవలదు. శిరస్త్రాణము లేకుండ వాహనము ఎక్కవలదు. ఏ దారిన పోవుచున్నారో, ఎన్నడు తిరిగి వత్తురో ఇంట చెప్పి బయలుదేరుడు. మూట కట్టునప్పుడు ప్రతి పనిముట్టును చేతిలోనికి తీసికొని, ఇది ఏ నట్టుకు, ఏ ఆపదకు అని అడుగుడు. జవాబు వచ్చినది మూటలోనికి, రానిది ఇంటి అలమారులోనికి పోవలెను.