గ్యాస్ బావికి కాపలా... బురదే!

1995 జనవరి 8. కోనసీమలోని పాశర్లపూడి దగ్గర ఓఎన్జీసీ తవ్వుతున్న గ్యాస్ బావి ఒక్కసారిగా ఎగదన్ని అంటుకుంది. చుట్టుపక్కల జనం ఇళ్లు వదిలి వెళ్లారు. ఆ మంట ఆర్పడానికి 65 రోజులు పట్టింది. అప్పట్నుంచీ కోనసీమలో 'బ్లోఅవుట్' అంటే ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. మరి అది ఎందుకొస్తుంది?

మంచినీళ్ల బోరైతే మోటారు పెట్టి నీళ్లు పైకి లాగాలి. గ్యాస్ బావి దీనికి రివర్స్. కిలోమీటర్ల లోతున రాతిపొరల్లో గ్యాస్ విపరీతమైన ఒత్తిడితో ఉంటుంది. దారి దొరికితే చాలు, తన్నుకొస్తుంది. అందుకే తవ్వుతున్నంతసేపూ బావి నిండా బురదలాంటి ద్రవం నింపి ఉంచుతారు. రిగ్గు మీద పనిచేసేవాళ్లు దాన్ని 'మడ్' అంటారు. అది డ్రిల్ బిట్‌ను చల్లబరుస్తుంది, రాతిపొడిని పైకి తెస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, తన బరువుతో గ్యాస్‌ను కిందే అణిచి ఉంచుతుంది.

3,000 మీటర్ల లోతున మామూలు నీళ్లే చదరపు సెంటీమీటరుకు దాదాపు 300 కిలోల ఒత్తిడి ఇస్తాయి. అదీ చాలనిచోట ముగ్గురాయి పొడి కలుపుతారు. నీళ్లకంటే నాలుగు రెట్లకు పైగా బరువైన ఖనిజం అది. మన రైల్వేకోడూరు దగ్గర మంగంపేట గనుల్లో తవ్వేది అదే! అలాగని మడ్ మరీ బరువెక్కితే రాతిపొర చీలి, మడ్ అందులోకి ఇంకిపోతుంది. బావిలో మట్టం పడిపోయి మళ్లీ గ్యాస్‌కే దారి దొరుకుతుంది. తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే.

ప్రమాదం చాలాసార్లు ముందే చెప్పి వస్తుంది. లోపలికి పంపినదానికంటే ఎక్కువ మడ్ తిరిగి వస్తోందంటే, గ్యాస్ బావిలోకి చొరబడినట్టే. దాన్ని 'కిక్' అంటారు. వెంటనే బావి నోటి దగ్గరుండే బ్లోఅవుట్ ప్రివెంటర్‌ను మూసెయ్యాలి. తర్వాత మరింత బరువైన మడ్ పంపి బావిని అదుపులోకి తేవాలి. మొదటి కొద్ది నిమిషాలే కీలకం.

సముద్రంలోనూ సూత్రం ఇదే. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గుపై మడ్ తీసి సముద్రపు నీళ్లు నింపుతుండగా బావి ఎదురుతిరిగింది. ముందస్తు సంకేతాలను సరిగా పట్టించుకోలేదు. ప్రివెంటర్ బావిని మూయలేకపోయింది. 11 మంది చనిపోయారు. బావి నోరు దాదాపు 1,500 మీటర్ల నీటి అడుగున ఉండటంతో, 87 రోజులు ఆయిల్ కారుతూనే ఉంది.

మన కేజీ బేసిన్‌లో రెండు రకాల బావులూ ఉన్నాయి. కాకినాడ తీరానికి అవతల లోతు సముద్రంలో 2009 ఏప్రిల్ నుంచి రిలయన్స్ గ్యాస్ తీస్తోంది. ఇవతల కోనసీమలో బావులు కొబ్బరితోటల మధ్య, ఇళ్లకు దగ్గర్లోనే ఉన్నాయి. నేల మీద బావి దగ్గరకు చేరడం తేలికే, కానీ మంట ఊరికి చేరడమూ తేలికే. రిగ్గులో ఉన్నవాళ్లకు కిక్ వస్తే ఏం చెయ్యాలో ట్రైనింగ్ ఇస్తారు. సైరన్ మోగితే పొయ్యి ఆర్పాలని, గాలి వాటం చూసి ఎటు వెళ్లాలో ఊళ్లో వాళ్లకూ ముందే చెప్పాలి కదా! రిగ్గు దిగిన ప్రతి ఊళ్లో జనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.