బంగాళాఖాతమున నీలి నీరు

మన అన్నోజిగూడ చుట్టుప్రక్కల నెటు చూచినను రాతిగుట్టలును, చెరువులును, వరంగల్లు రాదారియును గాని సముద్రపు జాడ లేదు. అయినను ఇచట కురిసిన వాన వాగులై మూసీలో కలిసి, వాడపల్లి యొద్ద కృష్ణను చేరి, హంసలదీవి యొద్ద బంగాళాఖాతమున పడుచున్నది. కావున సముద్రముతో మనకు బంధుత్వము లేదనుటకు వీలు లేదు.

మేము సెలవులలో అండమాను దీవులకు పోయి వచ్చినది మొదలు విద్యార్థులు మమ్ములను అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. మచిలీపట్టణమునను కాకినాడయందును సముద్రపు నీరు బురదరంగున నుండగా, అండమానునందు నీలమణివలె నుండుటకు కారణమేమి? రెండును ఒకే బంగాళాఖాతపు నీరే కదా!

కారణము మన నదులే. గోదావరియు కృష్ణయు ఏటేట లెక్కకు మిక్కిలి ఒండ్రుమట్టిని మోసికొని పోయి తీరమున దింపుచున్నవి. ఆ మట్టి నిష్ప్రయోజనమైనది కాదు. కాకినాడ కెదురుగా నున్న హోప్ దీవి గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడినదే. దాని చాటున కోరంగి మడ అడవులు పెరిగినవి. రొయ్యపిల్లలకును చేపపిల్లలకును అవి పురిటిల్లు. చలికాలపు చివర రాత్రులందు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఆ దీవిపై కెక్కి, ఇసుకలో గుంట త్రవ్వి, ఒక్కొక్కటి సుమారు 100 గ్రుడ్లు పెట్టి, వెనుదిరిగి చూడక నీటిలోనికి పోవును. దూరప్రయాణమునకు సొమ్ము చాలని తలిదండ్రులు పిల్లలకు చూపదగిన స్థలమిది.

అండమాను దీవుల పుట్టుక వేరు. బర్మాలోని అరకాను పర్వతపంక్తి సముద్రములో మునిగి సుమత్రా వరకు సాగినది. నీటిపైకి లేచిన దాని శిఖరములే ఈ దీవులు. అండమాను నికోబారులు కలిసి చిన్నవి పెద్దవి 800లకు పైగా నున్నవి. మన తీరమునకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరమున నుండుటచే మన నదుల మట్టి అచటికి పోజాలదు. ఆ దీవులలో పెద్ద నదులును లేవు. కావున నీరు తేట. సూర్యకాంతిలోని ఎరుపును నీరు త్వరగా మ్రింగివేయును, నీలము లోతునకు పోయి తిరిగి మన కంటికి వచ్చును. అడుగున తెల్లని ఇసుక యున్నచో ఆ రంగు ఇంకను వెలుగును.

ఆ తెల్లని ఇసుక సంగతి చెప్పినచో పిల్లలు నవ్వుదురు. చిలుకచేప యను రంగురంగుల చేప యొకటి గట్టి పండ్లతో ప్రవాళపు రాతిని కొరికి, దానిపైని నాచును తిని, రాతిపొడిని ఇసుకగా విసర్జించును. మనము మెచ్చుకొని నడచు ఇసుకలో కొంత భాగము ఆ చేప కడుపులోనుండి వచ్చినదే.

ప్రవాళమనగా హారములలో గ్రుచ్చు ఎఱ్ఱ పగడము మాత్రమే యని తలపరాదు. పూర్వపు పుస్తకములలో దీనిని కట్టునది ప్రవాళకీటకమని వ్రాసిరి గాని అది పురుగు కాదు. జెల్లిచేపకు చుట్టమైన మెత్తని చిన్న జంతువు. అది తన క్రింద సున్నపు గిన్నె నొకటి కట్టుకొని అందులో కూర్చుండును. కోట్లకొలది గిన్నెలు కలిసిన ప్రవాళపు దిబ్బ యగును. ఈ జంతువు ఒడలిలో కంటికి కనబడనంత సన్నని నాచు కాపురముండును. నాచు సూర్యరశ్మితో ఆహారము వండి ఇంటి యజమానికి అధికభాగము నిచ్చును. యజమాని దానికి నీడ నిచ్చును. ప్రవాళపు రంగులలో చాల భాగము ఆ నాచుదే. వెలుగు లేనిదే నాచు బ్రదుకదు. కావుననే బురదనీటి తీరమున ప్రవాళపు దిబ్బలు పెరుగవు. గుండువలె పెరుగు జాతి ఏటికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగును. మనిషి యెత్తు దిబ్బకు ఎన్ని యేండ్లు పట్టునో విద్యార్థులే లెక్క వేసికొనవచ్చును.

పోర్టు బ్లెయిరునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. అచటికి సమీపమున వండూరు వద్ద 1983లో ఏర్పడిన మహాత్మాగాంధి సముద్ర జాతీయోద్యానము సుమారు 280 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణము గలది. అందు జాలీబాయ్ దీవికి ప్లాస్టిక్కు సంచులు తీసికొనిపోనీయరు. అడుగున అద్దము గల పడవలో కూర్చున్నచో కాళ్లక్రింద తోట పరచినట్లుండును: జింకకొమ్ములవంటి ప్రవాళములు, నీలిపెదవుల పెద్ద ఆల్చిప్పలు, విషపు వ్రేళ్లు గల సముద్రపుష్పముల నడుమ భయము లేక ఆడు నారింజరంగు చేపలు. మా పడవ నడిపిన యతని తాత శ్రీకాకుళమునుండి చేపలవేటకై వచ్చినవాడట. ఇది వింత కాదు; 2011 జనాభా లెక్కలలో ఆ దీవులందు నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగే. లోతు తక్కువైన చోట ఒక పెద్దమనిషి ఫొటో తీయించుకొనుటకై ప్రవాళముపై కెక్కి నిలిచెను. "బాబూ, అది రాయి కాదండీ, ప్రాణముంది దానికి, దిగిపోండి" అని పడవవాడు కేక వేసెను. ఆయన దిగెను గాని, కాలి క్రింద విరిగిన కొమ్మ మరల పెరుగుటకు ఏండ్లు కావలయును.

కాలి త్రొక్కుడుకంటె పెద్ద యాపదలు గలవు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపములో ఉత్తర అండమాను పడమటి తీరము ఒక మీటరుకు పైగా పైకి లేచినది. ప్రవాళపు దిబ్బలు నీరు లేక ఎండి చచ్చినవి. అది ప్రకృతి చేసిన పని. వేడిమి సంగతి వేరు. సముద్రజలము వేసవి పరిమితికంటె ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువై కొన్ని వారములున్నచో ప్రవాళము తనలోని నాచును వెళ్లగొట్టి పాలవలె తెల్లబడును. వేడి త్వరగా తగ్గినచో నాచు తిరిగి వచ్చును, లేనిచో ప్రవాళము ఆకలిచే మరణించును. 1998లోను, 2010లోను, 2016లోను అండమానులో ఇట్లు జరిగెను. మేము చూచిన దిబ్బలలోను కొన్ని చోట్ల సజీవమైన కొమ్మల ప్రక్కనే బూడిదరంగు శిథిలములున్నవి. చేపలు మాత్రము రెంటియందును తిరుగుచుండెను.

గుర్తునకై ప్రవాళపు ముక్క తెత్తమని పిల్లలు కోరుదురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద అది నేరము, చచ్చినదైనను సరియే. మా పెట్టెలలో ఇసుక తప్ప ఏమియు రాలేదు, అదియు చెప్పులకంటి వచ్చినదే.

పోవ దలచినవారికి నవంబరు మొదలు ఏప్రిలు వరకు సముద్రము శాంతముగా నుండును. ఈత రానివారు చింతింపనక్కర లేదు. నీల్ దీవికి 2018నుండి షహీద్ ద్వీపమని పేరు. అచట సహజముగా ఏర్పడిన రాతివంతెన యొకటి కలదు. పున్నమికిని అమావాస్యకును పాటు మిక్కిలి దూరము పోవును. ఆ వేళ వంతెన క్రింది రాతిగుంటలలో నీరు నిలిచి, అందు పీతలును, సముద్రపు దోసకాయలును, వ్రేలెడు చేపలును చిక్కుకొనియుండును. పాటు వేళను ముందుగా పడవవారి నడిగి తెలిసికొని, రబ్బరు చెప్పులు తొడిగి, వట్టి రాతిపై మాత్రమే అడుగు వేయుచు పోయినచో, మరల పోటు వచ్చి గుంటలు నిండువరకు రెండు గంటలసేపు నిలుచుండి చూడవచ్చును.